మాట్లాడండర్రా అంటే మాట్లాడతారా!

ఇప్పుడు పిల్లల చేత ఇంగ్లిష్ మాట్లాడించడానికి బళ్లలో పడుతున్న తంటాలు చూస్తుంటే నాకు ముందు నవ్వొస్తుంది, వెంటనే ఒళ్లు మండుతుంది. గోడల నిండా నినాదాలు. మేడ మెట్ల మీద మెట్టుకో ఇంగ్లిష్ మాట. వరండా మొదట్లో 'ఇక్కణ్ణుంచి ఇంగ్లిష్ మాత్రమే' అని బోర్డు. తెలుగు మాట జారితే పది రూపాయల ఫైను, అది వసూలు చెయ్యడానికి క్లాసుకో లీడరు. (ఆ లీడరు ఫైను అడిగేది తెలుగులోనే, అది వేరే సంగతి.) వీటికి తోడు అప్పుడప్పుడూ కోటూ టై కట్టుకుని దిగే మోటివేషన్ స్పీకరు. ఆయన గంటన్నర సేపు మైకు వదలడు. 'మీరు మాట్లాడాలి, భయం వదిలెయ్యాలి, మాట్లాడితేనే ఉద్యోగం' అని గంటన్నరా తానే మాట్లాడి, శాలువా కప్పించుకుని, ఫొటో దిగి వెళ్లిపోతాడు. అంతసేపట్లో పిల్లల నోటినుంచి వచ్చిన ఇంగ్లిష్ 'ఎస్ సార్', 'థాంక్యూ సార్'. అంతే.

మా రోజుల్లో ఈ గోల లేదు. మమ్మల్ని ఇంగ్లిష్ మాట్లాడమని అడిగిన నాథుడే లేడు. మేమూ మాట్లాడలేదు. ఇద్దరికీ సుఖం. 'మా కాలంలో ఫిఫ్తు ఫారం చదివినవాడి ముందు ఇప్పటి ఎమ్మేవాడు ఏపాటి' అని అరుగుల మీద కూర్చుని చెప్పే పెద్దమనుషులు నా చిన్నప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఇప్పుడు చెప్పేవాళ్లు నా ఈడువాళ్లు. వాళ్ల మాట నమ్మకండి. మేం రాసేవాళ్లం. గొలుసుకట్టు రాతలో, కామా తప్పకుండా, మార్జిన్ దాటకుండా రాసేవాళ్లం. మాట్లాడమంటే గుటకలు మింగేవాళ్లం.

తెనాలి దగ్గర పల్లెటూరి హైస్కూల్లో 1970లో ఆరో తరగతిలో చేరాను. ఏబీసీడీలు మొదలైంది అప్పుడే. నాలుగు గీతల కాపీ పుస్తకం, ఇంకు బుడ్డి, ముంచి రాసే పాళీ కలం. మా ఇంగ్లిష్ మాస్టారు పంచె కట్టుకుని, చంకలో రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పెట్టుకుని వచ్చేవారు. పాఠంలో ఒక వాక్యం చదివేవారు, దానికి తెలుగు చెప్పేవారు, తరవాత వాక్యం చదివేవారు. మేం పెన్సిలుతో ఇంగ్లిష్ మాట నెత్తిన తెలుగు మాట రాసుకునేవాళ్లం. పదో తరగతికి వచ్చేసరికి నిద్రలో లేపి అడిగినా యాక్టివ్ వాయిస్‌ని పాసివ్‌లోకి, డైరెక్ట్‌ని ఇన్‌డైరెక్ట్‌లోకి దొర్లించేవాళ్లం. సెలవు చీటీ అయితే చెప్పక్కర్లేదు, అందరిదీ ఒకటే పాఠం: 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్'. అక్క పెళ్లికి సెలవు కావాలన్నా జ్వరమే, పొలంలో కుప్ప నూర్చాలన్నా జ్వరమే. ఎందుకంటే మాకు ఇంగ్లిష్‌లో వచ్చిన రోగం అదొక్కటే.

ఇన్‌స్పెక్షన్‌కి పై అధికారి వస్తున్నాడంటే వారం ముందునుంచి తర్ఫీదు. మొదటి బెంచీలో ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టి, ఆయన అడగబోయే ప్రశ్నలూ మేం చెప్పబోయే జవాబులూ వరసగా అప్పగింపజేసేవారు. మొదట పేరు, తరవాత ఊరు, ఆ తరవాత తండ్రి చేసే పని. ఒక ఏడాది వచ్చినాయన సరాసరి మూడో ప్రశ్నతో మొదలుపెట్టాడు. మావాడు వరస తప్పకుండా తన పేరు చెప్పాడు. ఆయన నవ్వి, రిజిస్టర్లో సంతకం పెట్టి, కొబ్బరి బొండం తాగి వెళ్లాడు. ఎవడూ బాధపడలేదు. ఇప్పుడైతే అది వీడియో అయిపోయి ఊరూరా తిరిగేది.

అయితే ఇంగ్లిష్ అసలే మాట్లాడలేదా అంటే, మాట్లాడాం. బడిలో కాదు, కాలవ గట్టు మీద.

1975 జనవరి, సంక్రాంతి రోజులు. మద్రాసు చెపాక్‌లో వెస్టిండీస్‌తో టెస్టు. ఊళ్లో ట్రాన్సిస్టర్ ఉన్న అరుగు ముందు మగపిల్లలందరం పోగయ్యాం. ఆండీ రాబర్ట్స్ మనవాళ్లని ఒక్కొక్కణ్ణే ఇంటికి పంపుతున్నాడు. గుండప్ప విశ్వనాథ్ ఒక్కడు నిలబడ్డాడు. అటువైపు వికెట్లన్నీ అయిపోయి 190కి ఆలౌటయ్యేసరికి ఆయన 97 దగ్గర నాటౌట్‌గా మిగిలిపోయాడు. ఆ మూడు పరుగుల కోసం మేం పడ్డ ఏడుపు, చివరికి మ్యాచ్ వంద పరుగుల తేడాతో గెలిచినా తీరలేదు. కామెంటరీ అంతా ఇంగ్లిషే. అందులో మాకు తెలిసింది ఏ పావు వంతో. కానీ వినీ వినీ ఆ గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ వాలుతుందో, జనం అరుపు వెనక మాట ఎక్కడ ఆగుతుందో మాకు కంఠతా వచ్చేసింది.

సాయంత్రం కాలవ గట్టు మీద కొబ్బరి మట్ట బ్యాటుతో, రబ్బరు బంతితో మా ఆట. తూము మీద ఎక్కి కూర్చుని ఒకడు కామెంటరీ చెప్పేవాడు. 'రాబర్ట్స్ కమ్ ఫ్రమ్ కాలవ ఎండ్, బౌలింగ్, బ్యూటిఫుల్ షాట్, బాల్ గోయింగ్ గోయింగ్ గాన్ ఇన్ వాటర్!' గ్రామర్ చూస్తే తలకాయ తిరుగుతుంది. మాట మాత్రం ఎక్కడా ఆగదు. తెలియని చోట తెలుగు మాట వేసి దాటేసేవాడు, ఎక్కువ తెలియని చోట 'ఓహో వాట్ ఎ' అని రాగం తీసేవాడు. బ్యాటు పట్టుకున్నవాళ్లం కూడా ఆట ఆపి వినేవాళ్లం. మా అందరిలోకీ ఎక్కువ ఇంగ్లిష్ మాట్లాడినవాడు వాడు. ఆ ఏడాది పబ్లిక్ పరీక్షలో ఇంగ్లిష్ తప్పిందీ వాడే.

నా ఉద్యోగమంతా ఆ తూము నన్ను వదల్లేదు. అక్కడ వాడి కళ్లెదుట ఏదో జరుగుతోంది, అది చెప్పకపోతే పక్కవాడికి తోచదు, 'కమ్ కాదురా, కమ్స్' అనే మాస్టారు దరిదాపుల్లో లేడు. మా క్లాసులో వీటిలో ఒక్కటీ ఉండేది కాదు. ఇప్పటి క్లాసులో? గోడకి పెద్ద స్క్రీను ఉంది.

నేను 1983లో ఇంగ్లిష్ టీచరుగా చేరాను. మాకిచ్చిన తర్ఫీదులో అంతా స్ట్రక్చర్లు. ఒక చార్టు మీద గళ్లు, గళ్లలో మాటలు. ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి తీసి వాక్యం కట్టించాలి. 'దిస్ ఈజ్ ఎ పెన్.' అవును, పెన్నే, అందరికీ కనిపిస్తూనే ఉంది. కనిపిస్తున్న పెన్నుని పట్టుకుని ఇది పెన్ను అని అరవై మంది చేత అరిపించే పని నాది. పద్నాలుగేళ్ల కుర్రాడికి మూతి మీద మీసం మొలుస్తుంటే వాడి చేత ఆ మాట అనిపించడమంటే వాణ్ణి అవమానించడమే. వాడూ అలాగే చూసేవాడు నా వంక.

హైదరాబాద్‌లో 1958లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, తరవాత సీఫెల్ అయి, ఇప్పుడు ఇఫ్లూ యూనివర్సిటీ అయింది. ఇంగ్లిష్ ఎలా చెప్పాలో మాస్టార్లకి నేర్పడానికే అది పుట్టింది. అక్కడ చదువుకొచ్చిన సీనియర్ల ద్వారానే ఎన్.ఎస్. ప్రభు గారి పేరు విన్నాను. మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్లో పనిచేస్తూ 1979 నుంచి 1984 దాకా దక్షిణాదిలో మామూలు బళ్లలో ఒక ప్రయోగం నడిపారాయన. బెంగళూరు ప్రాజెక్టు అంటారు. గ్రామర్ పాఠం లేదు, స్ట్రక్చర్ డ్రిల్లు లేదు. పిల్లలకి రైల్వే టైం టేబులు ఇస్తారు, పటం ఇస్తారు. ఈ రైలెక్కితే ఎన్నింటికి చేరతాం, అది తప్పిపోతే తరవాతది ఏది, ఇక్కణ్ణుంచి అక్కడికి దారి ఏది అని తేల్చమంటారు. లెక్క తేల్చే గొడవలో పడ్డవాడు భాష సంగతి మరిచిపోతాడు, మరిచిపోయిన చోటే భాష వస్తుందని ఆయన వాదం. ఇప్పుడు టాస్క్ అనే మాట పట్టుకుని ప్రతివాడూ పిల్లల్ని గుంపులుగా కూర్చోబెడుతున్నాడు గానీ, ప్రభు గారు గుంపులకి అంత సుముఖంగా లేరు. మాట్లాడి తీరాలని పిల్లల మెడ మీద కూర్చోనూ లేదు. వాళ్లు సిద్ధమయ్యేదాకా మాస్టారితో కలిసి ఆలోచించనిచ్చారు. ఆ ఓపిక మాత్రం ఎవరూ తెచ్చుకోలేదు.

మా డిపార్ట్‌మెంటుకి ఎప్పుడూ పద్ధతి మారిస్తే పని అయిపోయినట్టే. 2012 నుంచి పుస్తకాలు మార్చారు. మంచి పుస్తకాలే, నేను కాదనను. బొమ్మలున్నాయి, పిల్లల బతుకులో సంగతులున్నాయి, జట్టుగా కూర్చుని మాట్లాడుకోమన్న చోట్లు బోలెడున్నాయి. పరీక్షలో డిస్కోర్సులు వచ్చాయి: డైరీ రాయి, ఉత్తరం రాయి, సంభాషణ రాయి. సంభాషణ రాయడమేమిటండీ? ఇద్దరు మాట్లాడుకోవాల్సిన మాటల్ని ఒక్కడే కూర్చుని, ఇన్విజిలేటరు నోరు మూసుకోమంటుంటే మూసుకుని, కాగితం మీద రాస్తాడు. రెండువైపులా వాడే మాట్లాడతాడు. మార్కులొస్తాయి. నెల తిరక్కుండా గైడ్ల వాళ్లు పాఠానికో సంభాషణ అచ్చువేసి అమ్మారు, పిల్లలు దాన్నీ బట్టీ పట్టారు. మా రోజుల్లో జ్వరం చీటీ ఒక్కటే బట్టీ. ఇప్పుడు కబుర్లు కూడా.

ఆ తరవాత సంగతులు పేపర్లు చూసేవాళ్లందరికీ తెలుసు. ఆంధ్రలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగుగా పుస్తకాలు వచ్చాయి. 2022 డిసెంబర్లో ఎనిమిదో తరగతి వాళ్ల చేతికి ట్యాబులు ఇచ్చారు. ఆ ఏడే తెలంగాణలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ప్రభుత్వ బళ్లన్నిటా ఇంగ్లిష్ మీడియం అన్నారు. 2023లో ఆంధ్ర బళ్లలో టోఫెల్ పరీక్ష అన్నారు. ఒకటి చూసి ఊపిరి పీల్చుకునేలోగా ఇంకొకటి. వీటన్నిటి వల్లా పిల్లలకి ఇంగ్లిష్ చెవిన పడటం పెరిగిందనే నేనూ ఒప్పుకుంటాను. ఇప్పటి తొమ్మిదో తరగతి పిల్లకి అర్థమయ్యే ఇంగ్లిష్‌లో సగం కూడా నాకు ఆ వయసులో అర్థమయ్యేది కాదు. మరి ఆ పిల్ల క్లాసులో లేచి నిలబడి ఒక్క వాక్యం ఎందుకనదు?

పిల్లల్లో మోటివేషన్ లేదంటారు. అన్నిటికీ ఆ మాట ఒకటి దొరికింది వీళ్లకి. నేను లెక్క చెబుతాను, మీరే చూడండి. పీరియడ్ నలభై అయిదు నిమిషాలు. హాజరుకీ, చప్పుడు అణచడానికీ అయిదు పోయాయి. మాస్టారు ఎంత తగ్గించుకున్నా పాతిక నిమిషాలు తానే మాట్లాడతాడు. మిగిలింది పదిహేను. అరవై మంది పిల్లలు, ఒకరి తరవాత ఒకరు మాట్లాడితే తలా పదిహేను సెకన్లు. అందులో లేచి నిలబడటానికి అయిదు, 'సార్ ఇట్స్ నాట్ మీ సార్, హిమ్' అని పక్కవాణ్ణి చూపించడానికి అయిదు. అదే పదిహేను నిమిషాలు ఇద్దరిద్దరుగా మాట్లాడుకోమంటే ఒక్కసారే ముప్ఫై నోళ్లు ఆడతాయి, తలా ఏడున్నర నిమిషాలు వస్తాయి. చప్పుడవుతుంది. అవనీ! చప్పుడైతే హెడ్మాస్టరు కిటికీలోంచి తొంగి చూస్తాడని మావాళ్ల భయం. భాషా క్లాసు చప్పుడు లేకుండా జరుగుతోందంటే అక్కడ నేర్పుతున్నది నిశ్శబ్దం.

ఇంకొకటి. మా రోజుల్లో మాస్టారు ప్రశ్న అడిగి, పొడుంకాయ తీసి, ఓ పట్టు పట్టి, ఉత్తరీయంతో ముక్కు తుడుచుకుని, అప్పుడు 'ఊఁ, చెప్పరా' అనేవారు. అంతసేపూ మేం లోలోపల మాట వెతుక్కునేవాళ్లం. అది ఆయన బోధనా పద్ధతి కాదు, పొడుం అలవాటు. కానీ పని చేసింది. ఇప్పటివాళ్లకి పొడుం లేదు. ప్రశ్న అడుగుతారు, జవాబు రాకముందే ఇంకొకణ్ణి అడుగుతారు, వాడూ నోరు తెరవకముందే తామే చెప్పేస్తారు. నేను ఊరికే అంటున్న మాట కాదిది. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో సైన్సు క్లాసుల్లో టేపు రికార్డరు పెట్టి లెక్కగట్టింది: టీచర్లు ప్రశ్న అడిగాక ఆగేది సగటున ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగమని వాళ్లకి అలవాటు చేస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, 'తెలీదు' అనడం తగ్గింది, ఎన్నడూ చెయ్యెత్తనివాళ్లు ఎత్తారు. అదీ వాళ్ల సొంత భాషలో జరిగిన క్లాసుల్లో! మనవాడు ప్రశ్నని తెలుగులోకి తెచ్చుకోవాలి, జవాబు తెలుగులో అనుకోవాలి, దాన్ని ఇంగ్లిష్‌లో పేర్చుకోవాలి. వాడికి మూడు కాదు, పది సెకన్లు ఇచ్చినా దానమేం కాదు. నేను క్లాసులో ప్రశ్న అడిగి గడియారం ముల్లు వంక చూస్తూ నిలబడేవాణ్ణి. మొదటి నాలుగు సెకన్లూ ప్రాణం పోతున్నట్టుంటుంది మాస్టారికి. అయిదోదాని దగ్గర వెనక బెంచీలో ఎవడో కదులుతాడు.

వయసు సంగతి కూడా ఒకటుంది. అయిదేళ్లదాన్ని ఇంగ్లిష్‌లో ఏదైనా చెప్పమ్మా అంటే కుర్చీ ఎక్కి చెప్పేస్తుంది. పద్నాలుగేళ్లవాడికి గొంతు మారుతోంది, మొహాన మొటిమలు, ఎదురు బెంచీలో ఆడపిల్లలు. వాణ్ణి అందరి ముందూ నిలబెట్టి ఇంగ్లిష్ మాట్లాడమనడం పెళ్లిచూపుల్లో పిల్లని పాట పాడమన్నట్టుంటుంది. పాట రాక కాదు, ఆ చూసే కళ్ల ముందు గొంతు పెగలదు. వాడు తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం సరే. ఒప్పు మాట్లాడితే ఇంకా ఎక్కువ నవ్వుతారు, ఆ సంగతి మన శిక్షణ తరగతుల్లో ఎవరూ చెప్పరు. 'ఒరేయ్, దొరగారొచ్చార్రా' అని సాయంత్రం దాకా వదలరు. సరిగ్గా మాట్లాడటం వచ్చిన పిల్లలు కూడా క్లాసులో కావాలని యాస పాడుచేసి మాట్లాడటం నేను చూశాను. స్నేహితులకంటే ఇంగ్లిష్ ఎక్కువా, ఆ వయసులో?

ఇక మా పక్కింటి కుర్రాడు. తొమ్మిదో తరగతి, కార్పొరేట్ స్కూలు, ఏడాదికి లక్ష పైన ఫీజు. వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చి, 'బాబాయ్ గారూ, వీడు ఇంగ్లిష్‌లో నోరు తెరవట్లేదట, మీరేమన్నా చెప్పండి' అని మొర. సరే పంపించమ్మా అన్నాను. అదే రోజు రాత్రి ఎండాకాలం కదా, డాబా మీద పడుకున్నాను. పక్క డాబా మీదనుంచి ఇంగ్లిష్ వినిపిస్తోంది. 'బ్రో, కవర్ మీ, ఐ యామ్ గో లెఫ్ట్ సైడ్, టూ ఎనిమీ దేర్, డోంట్ షూట్, వెయిట్ వెయిట్ బ్రో, నౌ!' చెవికి ఇయర్‌ఫోను, చేతిలో ఫోను, ఫ్రీ ఫైరట. పొద్దున పిలిచి అడిగాను, ఎవర్రా వాళ్లు అని. 'ఒకడు కేరళ, ఇంకొకడు అస్సాం, తాతయ్యా. వాళ్లకి తెలుగు రాదు, నాకు హిందీ రాదు.' మరి ఇంగ్లిష్ ఎలా వచ్చిందిరా? 'అది ఇంగ్లిష్ కాదు తాతయ్యా, గేమ్.' మా తూము మీద కామెంటేటరు కూడా అచ్చం ఇలాగే అనేవాడేమో, ఎవరూ అడగలేదు. ఆ ఆటని నేనేం వెనకేసుకు రావడం లేదు. రాత్రి పన్నెండింటిదాకా ఆ అరుపులేమిటని నాలుగు చీవాట్లు కూడా వేశాను. కానీ లక్ష పుచ్చుకున్నవాళ్లు రప్పించలేని మాట ఆ ఫోను రప్పించిందంటే సిగ్గుపడాల్సింది కుర్రాడు కాదు. వీడు ఎడమవైపు వెళ్తున్నానని చెప్పకపోతే అస్సాంవాడు చచ్చిపోతాడు. క్లాసులో వీడు చెప్పకపోతే ఎవరికి ఏం నష్టం?

తప్పులు దిద్దే జబ్బు గురించి కూడా అనాలి. మా మాస్టారు ఎర్ర సిరా రాతలో దిద్దేవారు. అదీ మంచిదే, రాసింది మళ్లీ చూసుకోవచ్చు. ఇప్పుడు నోట్లోంచి మాట వస్తుండగానే దిద్దుతున్నారు. పిల్ల 'మై మదర్ గో టు హాస్పిటల్ ఎస్టర్‌డే' అందనుకోండి. 'వెంట్! వెంట్! గో కాదు!' అని మాస్టారు. అయ్యా, వాళ్లమ్మకి ఏమైందో అడగవేం? 'ఓ, షి వెంట్ టు ది హాస్పిటల్? వై?' అంటే దిద్దినట్టూ ఉంటుంది, మనిషిలా మాట్లాడినట్టూ ఉంటుంది. ఆ పిల్ల రెండో వాక్యం చెబుతుంది. అలాగని అసలు దిద్దొద్దనీ, ఊరికే వింటే చాలనీ అనేవాళ్లనీ నేను నమ్మను. కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలో 1965లో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ల పిల్లలకి చదువంతా ఫ్రెంచ్‌లో చెప్పే బడి మొదలుపెట్టారు, అది దేశమంతా పాకింది. ఏళ్ల తరబడి ఫ్రెంచ్ విని, ఫ్రెంచ్‌లో లెక్కలూ సైన్సూ చదివిన ఆ పిల్లలకి వింటే అంతా అర్థమయ్యేది. మాట్లాడితే మాత్రం తడబాట్లు. మెరిల్ స్వెయిన్ అనే ఆవిడ 1985లో తేల్చింది ఏమిటంటే, వాళ్ల చేత క్లాసులో తగినంతగా మాట్లాడించలేదని. అంతా ఇంగ్లిష్ మీడియం చేసేస్తే మాట దానంతటదే వస్తుందనుకునేవాళ్లు ఆ కెనడా కథ ఓసారి చదువుకోవాలి.

తెలుగు మీద ఫైను వేసేవాళ్లని మాత్రం నేను క్షమించను. 2009లో మైదుకూరులో ఒక బడిలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో 'నేనెన్నడూ తెలుగు మాట్లాడను' అని ఇంగ్లిష్‌లో రాసిన పలకలు వేశారు. రాష్ట్రమంతా గగ్గోలయింది, తరవాత మరిచిపోయాం. పలక పోయి ఫైను మిగిలింది. తెలుగు నోరు మూసేస్తే ఇంగ్లిష్ నోరు తెరుచుకుంటుందా? ఉన్నది ఒకటే నోరు కదా. మా క్లాసులో నేను పిల్లలకి ముందు తెలుగులో కొట్లాడుకోమనేవాణ్ణి. ఏం చెప్పాలో తేల్చుకున్నాక, అదే ఇంగ్లిష్‌లో ఎలా చెబుదాం అని కూర్చునేవాళ్లు. 'తెలుగులో ఆలోచించకండి' అని చెప్పే మేధావులు రాత్రి కలలు ఏ భాషలో కంటారో.

గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉండగా సవర భాష నేర్చుకున్నారు. దానికి అప్పటికి రెన్ అండ్ మార్టిన్ ఏదీ లేదు. సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట్లాడి నేర్చుకున్నారు. సవర వ్యాకరణ గ్రంథం 1931లో అచ్చయింది, అదీ ఆయన రాసిందే. ముందు మాట, వెనక వ్యాకరణం. మనవాళ్లు ఆయన పుట్టిన రోజుకి ఏటా దండ వేస్తారు గానీ, ఆయన భాష ఎలా నేర్చుకున్నారన్నది ఎవరికీ పట్టదు.

పబ్లిక్ పరీక్షలో మాటకి మార్కు లేదు. ఉన్నదంతా రాత. లోపలి మార్కుల్లో మాట్లాడటానికి కొన్ని వేస్తారు, అవి పిల్లాడు మాట్లాడినా మాట్లాడకపోయినా రిజిస్టర్లోకి ఎక్కుతాయి. పరీక్షలో లేనిది పాఠంలో ఉండదు. ఇంత చిన్న సంగతి సరిచెయ్యడం చేతగాక మెట్ల మీద మాటలు రాయిస్తున్నారు.

బాగా చేసేవాళ్లు లేరనను. కాకినాడ జిల్లా బెండపూడి జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలు 2022లో అమెరికా యాసలో గలగలా మాట్లాడి రాష్ట్రాన్ని ఆశ్చర్యపరిచారు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు ఆ యాసని వెక్కిరించారు. వెక్కిరించినవాళ్లలో నా ఈడువాళ్లే ఎక్కువ, ఆ సంగతి నాకు తెలుసు. యాస నాకూ నచ్చలేదు. కానీ పల్లెటూరి బడిలో చదివే పిల్ల ముఖ్యమంత్రి ముందు నిలబడి తడుముకోకుండా మాట్లాడిందంటే, అది గోడ మీద నినాదం చూసి వచ్చింది కాదు. దాని వెనక వాళ్ల మాట వినే మాస్టారు ఎవరో ఉండి ఉండాలి.

నేను చేసింది పెద్దదేం కాదు. ప్రభు గారి రైలు టైం టేబులు మా పిల్లలకి పనికిరాదని, తెనాలి బస్టాండు బోర్డు రాసి తెచ్చాను. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఒకడికి సగం బోర్డు, ఇంకొకడికి మిగతా సగం ఇచ్చాను. ఒకడి దగ్గర బస్సులు, ఇంకొకడి దగ్గర టైములు. సాయంత్రం ఆరింటికల్లా రేపల్లెలో మేనమామ పెళ్లికి ఉండాలి, దారిలో చీరల మూట దింపాలి, మధ్యలో భోజనం చెయ్యాలి. కాగితాలు చూపించుకోకూడదు, అడిగి తెలుసుకోవాలి. నేను కుర్చీలో కూర్చుని పేపరు తీశాను. మొదటి రెండు నిమిషాలు గుసగుసలు, తరవాత తెలుగు, తరవాత 'బస్ గో వెన్?' మొదలైంది. చివర్లో ఒక జంట మధ్య పెద్ద తగువు. భోజనం మానేసి ముందు బస్సు ఎక్కుదామని ఒకడు, పెళ్లికెళ్లి ఆకలితో ఎవడు కూర్చుంటాడని ఇంకొకడు. 'నో! ఫస్ట్ మీల్స్! మ్యారేజ్ ఆఫ్టర్!' ఆ ఏడాదంతా ఇంగ్లిష్ పీరియడ్లో నోరు విప్పనివాడు అన్నమాట అది. పేపరు కాస్త పైకెత్తి పట్టుకున్నాను, నా మొహం కనపడకుండా.

దీనికి ట్యాబు అక్కర్లేదు, స్క్రీను అక్కర్లేదు. మాస్టారు అరగంట ఊరుకుంటే చాలు. ఆ ఊరుకోవడమే మావాళ్లకి చేతకానిది. రిటైరయినా చేతకాదు, చూస్తున్నారుగా, ఇంతసేపటినుంచి నేనే వాగుతున్నాను.

మొన్న ఇక్కడి ప్రైవేటు స్కూలు హెడ్మాస్టరు ఫోను చేశాడు. వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా రావాలట. 'పదో తరగతి పిల్లలకి ఇంగ్లిష్ మాట్లాడటం మీద ఓ గంట మోటివేషన్ ఇవ్వండి మాస్టారూ, మీ అనుభవం వాళ్లకి ఉపయోగం' అన్నాడు. వస్తానన్నాను. నేను మాత్రం మాట్లాడనన్నాను. బస్టాండు బోర్డులు రెండు రకాలవి అచ్చువేయించి పెట్టండి, మైకు తీయించెయ్యండి, తల్లిదండ్రుల్ని వేరే గదిలో కూర్చోబెట్టండి, గంటసేపు గోల అవుతుంది, ఎవరూ లోపలికి రాకండి అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. నేనూ తొందరపెట్టలేదు, ఆగాను. మూడు సెకన్లు కచ్చితంగా దాటి ఉంటాయి. 'కరెస్పాండెంటు గారితో మాట్లాడి చెబుతాను మాస్టారూ' అన్నాడు. ఇంకా ఫోను రాలేదు. ఈలోగా ఎవరో కోటాయన పేరుతో ఫ్లెక్సీ కట్టారని పాలబ్బాయి చెప్పాడు.